పేదల వాడలో కాపురమున్న జేన్ ఆడమ్స్

చికాగో నగరం పేరు చెప్పగానే మన బడిపిల్లలకు గుర్తుకు వచ్చేది 1893లో అక్కడ జరిగిన సర్వమత మహాసభ, అందులో స్వామి వివేకానందుని ప్రసంగం. అదే సంవత్సరంలో, అదే నగరంలో, ఆ సభతో ఏ సంబంధమూ లేని మరొక పని కూడా జరిగింది. నలుగురు ప్రభుత్వ గణకులు చేత కాగితాలు పట్టుకుని ఒక మురికివాడలో ఇల్లిల్లూ తిరిగారు. ఈ గదిలో ఎంతమంది ఉంటున్నారు, ఏ దేశం నుంచి వచ్చారు, వారానికి కూలి ఎంత ముడుతుంది అని అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు వాషింగ్టన్‌కు పోయేముందు ఆ వాడలోనే ఉన్న ఒక పాత ఇటుకల భవనానికి చేరేవి. అక్కడ నివాసముండేవారు వాటికి నకళ్ళు రాసిపెట్టుకునేవారు. ఆ భవనం పేరు హల్ హౌస్. ఆ ఇంటికి పెద్దదిక్కు జేన్ ఆడమ్స్. ఆమె జీవితం గురించి మన సొసైటీ సభ్యులకు, వారి కుటుంబాలకు నాలుగు మాటలు చెప్పాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

మేము ఉపాధ్యాయులం గనుక గడప గడపకూ పోయి ప్రశ్నలడిగే డ్యూటీ మాకు కొత్త కాదు. 2011 జనాభా లెక్కలలో మాకూ ఒక బ్లాకు వచ్చింది. ఒక ముసలమ్మ తలుపు సగం తెరిచి, మా సంగతులన్నీ రాసుకుపోతే మాకేం ఒరుగుతుంది సారూ అని అడిగింది. మేము ఏదో జవాబు చెప్పి సంతకం చేయించుకుని వచ్చాము గాని, ఆ జవాబు మాకే రుచించలేదు. జేన్ ఆడమ్స్ చరిత్ర చదివినప్పుడు మాకు మొదట గుర్తుకొచ్చింది ఆ సగం తెరిచిన తలుపే.

ఆమె 1860 సెప్టెంబరు 6న అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో సీడర్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి జాన్ ఆడమ్స్ పిండిమరల యజమాని, రాష్ట్ర సెనేటులో సభ్యుడు, అబ్రహాం లింకనుకు స్నేహితుడు. తల్లి ఈమెకు రెండేళ్ళప్పుడే కన్ను మూసింది. నాలుగేళ్ళ ప్రాయంలో వెన్నెముకకు క్షయ సోకి నడుము వంకర తిరిగింది, నడకలో కొంచెం తేడా వచ్చింది. ఇంత అందమైన తండ్రికి ఇటువంటి కూతురా అని పరాయివాళ్ళు అనుకుంటారేమోనని ఆ పసిపిల్ల ఆదివారం ప్రార్థనకు వెళ్ళేటప్పుడు తండ్రి పక్కన నడవక చిన్నాన్న వెంట నడిచేదట. ఒకనాడు పక్క పట్నంలో బజారు నడిబొడ్డున తండ్రి ఎదురుపడి, తలమీది పట్టు టోపీ తీసి, పెద్దమనుషులకు చేసినట్టు కూతురికి వంగి సలాము చేశాడు. ఆనాటితో ఆ పిల్ల మనసులోని చిన్నతనం పోయింది. నలుగురిలో ఒకరిని మన్నించడమంటే ఏమిటో ఆమె నేర్చిన మొదటి పాఠం అదేనని మా అభిప్రాయం.

ఏడేళ్ళ వయసులో తండ్రి వెంట పక్క ఊరి మిల్లుకు పోయి, అక్కడ కూలీల ఇరుకు ఇళ్ళు చూసి, మనుషులు ఇంత ఒత్తొత్తుగా ఇటువంటి కొంపల్లో ఎందుకుంటున్నారని అడిగింది. తండ్రి కారణం చెప్పాడు. అయితే తాను పెద్దయ్యాక పెద్ద ఇల్లు కట్టుకుంటానని, అది పెద్ద ఇళ్ళ మధ్య కాక ఇటువంటి కొంపల మధ్యనే ఉంటుందని ఆ పిల్ల చెప్పిందట. పిల్లలు చాలా అంటారు. ఈమె చేసి చూపింది, కాకపోతే అందుకు ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

1881లో రాక్‌ఫర్డ్ మహిళా విద్యాలయంలో చదువు పూర్తయింది. ఆ ఏడే తండ్రి పోయాడు. ఫిలడెల్ఫియాలో వైద్యవిద్యలో చేరింది గాని వెన్నునొప్పి తిరగబెట్టి, ఆపరేషన్ అయి, నెలల తరబడి మంచం పట్టింది. డాక్టరీ చదువు అక్కడితో ఆగింది. డబ్బుంది, చదువుంది, చేయడానికి పని లేదు. ఆ కాలంలో గొప్పింటి ఆడపిల్లలకు యూరపు యాత్ర ఒక ఆనవాయితీ గనుక 1883లో ఓడ ఎక్కింది.

లండనులో ఒక శనివారం అర్ధరాత్రి కొందరు యాత్రికులతో పాటు ఆమెను కూడా పేదవాడ చూపించడానికి తీసుకుపోయారు. గుర్రపు బస్సు పైఅంతస్తు మీద కూర్చుని చూస్తున్నారు. ఆదివారం అమ్మకం నిషేధం, సోమవారానికి మురిగిపోతాయి గనుక కుళ్ళిన కూరగాయలను బండ్ల మీద నుంచి వేలం వేస్తున్నారు. పైసల కోసం పాటలు. ఒకడికి క్యాబేజీ దక్కితే అక్కడే రోడ్డు వార కూలబడి, కడగకుండా వండకుండా పళ్ళతో పీక్కు తిన్నాడు. దీపాల వెలుగులో పైకి లేచిన వందల చేతులు, ఖాళీ చేతులు, పనిచేసి అరిగిన చేతులు ఆమె కళ్ళలో నిలిచిపోయాయి. తరువాత ఎక్కడ జనం చేతులెత్తినా, కవాతులో పిల్లలు చేతులెత్తినా సరే, ఆ రాత్రి గుర్తుకు వచ్చేదట. బస్సు మీద కూర్చుని పేదరికాన్ని తమాషా చూసినందుకు ఆమె సిగ్గుపడింది. ఈ సిగ్గే ఆమె చేసిన పనులన్నిటికీ మూలం.

రెండవసారి యూరపు వెళ్ళినప్పుడు, 1888లో, లండను తూర్పు పేటలో టాయిన్‌బీ హాల్ చూసింది. విశ్వవిద్యాలయంలో చదివిన యువకులు పేదల నడుమ వచ్చి కాపురముండే చోటు అది. దాన ధర్మాలు పైనుంచి విసిరేది కాదు, పొరుగున ఉండి పంచుకునేది అన్న పద్ధతి ఆమెకు నచ్చింది. తిరిగి వచ్చి, చదువుకునేనాటి స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889 సెప్టెంబరు 18న చికాగోలో హాల్‌స్టెడ్ వీధిలోని ఒక పాత భవనంలో ప్రవేశించింది. చార్లెస్ హల్ అనే ధనికుడు 1856లో కట్టుకున్న ఇల్లు గనుక హల్ హౌస్ అన్నారు. చుట్టూ ఇటలీవారు, జర్మనులు, ఐరిష్‌వారు, గ్రీకులు, బొహీమియనులు, రష్యా పోలండుల నుంచి పారిపోయి వచ్చిన యూదులు. పంతొమ్మిదో వార్డు అని దాని పేరు. జనాభా యాభైవేలకు అటూ ఇటూ. ఒక ఇంట్లో మాట్లాడే భాష పక్కింట్లో తెలియదు.

తలుపులు తెరిచారు. పనికి పోయే తల్లుల పిల్లలకు శిశువిహారం పెట్టారు. సాయంత్రం చదువులు, క్లబ్బులు మొదలైనాయి. ఇంతవరకు ఎక్కడైనా ఉండేదే. మొదటి క్రిస్మసు నాడు పిల్లలకు మిఠాయి పంచబోతే కొందరు ఆడపిల్లలు పుచ్చుకోలేదు. ఎందుకమ్మా అంటే, మేము మిఠాయి ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాము, దాని మొహం చూడబుద్ధి కావడం లేదన్నారు. ఆరు వారాలుగా ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పని. మిఠాయి పంచి పుణ్యం కట్టుకుందామనుకున్న చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ చలికాలంలోనే హల్ హౌస్ క్లబ్బు కుర్రాళ్ళు ముగ్గురు పొరుగు ఫ్యాక్టరీలో ఒకే యంత్రం కింద గాయపడ్డారు. కొద్ది డాలర్ల అడ్డుకమ్మీ బిగించి ఉంటే జరిగేది కాదు. ఒకడు చనిపోయాడు. యజమానులు ఇప్పుడైనా కమ్మీ బిగిస్తారని ఆడమ్స్ అనుకుంది. వాళ్ళు ఏమీ చేయలేదు. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం అడగబోమని తల్లిదండ్రులు ముందే సంతకం పెట్టిన కాగితాలు చూపించారు. ఏం రాసి ఉందో తెలియకుండా కాగితం మీద వేలిముద్ర వేసే సంగతి మన దగ్గర ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

జాలితో ఇది తెగే వ్యవహారం కాదని ఆమెకు అర్థమయింది. 1891 చివరలో ఫ్లారెన్స్ కెల్లీ అనే ధైర్యశాలి ముగ్గురు పిల్లలతో హల్ హౌస్‌కు వచ్చి చేరింది. ఆమెకు లెక్కల మీద నమ్మకం. ఇళ్ళలో కుట్టుపని చేసే కుటుంబాలను, అందులో పనిచేసే పసిపిల్లలను గదిగదికీ తిరిగి లెక్కపెట్టి రాష్ట్ర ప్రభుత్వం ముందు పెట్టింది. 1893లో ఇల్లినాయి రాష్ట్రంలో చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఫ్యాక్టరీలలో పని చేయరాదు, ఆడవారికి ఎనిమిది గంటలు మించరాదు. కెల్లీయే మొదటి ప్రధాన తనిఖీ అధికారి. రెండేళ్ళకే రాష్ట్ర సుప్రీంకోర్టు ఎనిమిది గంటల నిబంధనను కొట్టివేసింది. అదొక దెబ్బ. ఇంకొక దెబ్బ వాడలోనే తగిలింది. పిల్లవాడి కూలి మీద బతికే వితంతువులు ఈ చట్టాన్ని తిట్టుకున్నారు. వారి కోపంలో న్యాయముందని ఆడమ్స్ ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే చట్టం వైపు నిలబడింది. ఎవరిని కాపాడదామని బయలుదేరుతామో వాళ్ళే ముందు మనల్ని తిట్టడం, సంఘాలు నడిపేవారికి తెలిసిన అనుభవమే.

ఇక 1893 నాటి ఇంటింటి లెక్క సంగతి. ఫెడరల్ ప్రభుత్వపు కార్మిక శాఖ పెద్ద నగరాల మురికివాడలను పరిశోధిస్తూ చికాగో భాగం కెల్లీకి అప్పగించింది. హల్ హౌస్‌కు తూర్పున చదరపు మైలులో మూడోవంతు స్థలం. పద్దెనిమిది జాతులవారు ఉన్నట్టు తేలింది. రాసుకున్న నకళ్ళనుంచి రెండు పెద్ద పటాలు తయారు చేశారు. ఒకటి ఎవరు ఏ దేశం వారో చూపేది, రెండోది కూలి ఎంతో చూపేది. వారానికి ఐదు డాలర్లో అంతకన్నా తక్కువో వచ్చే కుటుంబానికి నలుపు, ఇరవై దాటితే పసుపు, మధ్యలో వేరే రంగులు. లండనులో చార్లెస్ బూత్ చేసిన పటాలు వీరికి నమూనా. 1895లో ఈ పటాలతో వ్యాసాలతో ఒక పుస్తకం వెలువడింది. రాసినవారు ఫలానా అని ఒక్కరి పేరు వేయక హల్ హౌస్ నివాసులు అని వేశారు.

ఆ పుస్తకంలో మమ్మల్ని ఆపిన భాగం ఒకటుంది. పటాలకు వివరణ రాసిన ఆగ్నెస్ హోల్‌బ్రూక్ అనే యువతి, పేదవారి బతుకుల్లోకి ఇట్లా తొంగిచూసి ప్రశ్నలడగడం నిజానికి క్షమించరాని పని అనే అర్థంతో రాసింది. ఈ సంగతులు బయటపడితే ప్రజల మనస్సాక్షి కదిలి, వారికి మెరుగైన గాలీ నీరూ ఇల్లూ దొరుకుతాయన్న నమ్మకం ఒక్కటే దీనికి సమర్థన అని చెప్పుకుంది. అంటే ఏమిటి? అడిగి రాసుకుని పోవడం ఒక అప్పు. తీర్చవలసిన అప్పు. మాకు ఆ ముసలమ్మ ముందు తోచని జవాబు ఇదే.

ఆ అప్పు ఎంత బరువైనదో ఆడమ్స్‌కు చాలా కఠినంగా తెలిసివచ్చింది. 1893 చలికాలంలో దేశమంతటా వ్యాపారాలు దివాళా తీసి లక్షలమంది పనులు పోయాయి. సహాయం పంచేవారికి కొన్ని ఖాయిదాలు పెట్టారు. పని దొరికే అవకాశముంటే ముందు పని చేయమని చెప్పాలి, ఊరికే సాయం ఇవ్వకూడదు అని. ఒక గుమాస్తా వచ్చాడు. కాలువ తవ్వకంలో పని ఉందని ఆమె చెప్పింది. తాను ఎప్పుడూ నీడపట్టున పనిచేసినవాడినని, చలిలో బయట పని తట్టుకోలేనని అతడన్నాడు. ఆమె మనసు ఊగిసలాడినా ఖాయిదా వదలలేదు. అతడు మళ్ళీ సాయం అడగడానికి రాలేదు. రెండు రోజులు కాలువ తవ్వాడు, న్యుమోనియా పట్టింది, వారానికి చనిపోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. వారిని ఆమె చివరిదాకా కనిపెట్టుకునే ఉంది. ఈ సంగతి ఇతరులెవరో తవ్వి తీసింది కాదు, ఆమె తన పుస్తకంలో తానే రాసుకుంది. మనిషి కష్టాన్ని ఖాయిదాతో కొలవరాదని, ఆ మనిషి బతుకు, అలవాట్లు మొత్తం తెలిసి ఉండాలని ఈ చావు ఆమెకు నేర్పింది. మేము ఈ పేజీ చదివి పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాము. సాయం కోరే దర్ఖాస్తులు పరిశీలించే కమిటీలలో మేమూ కూర్చున్నవాళ్ళమే.

అంతకన్నా చిన్న పొరపాటు ఒకటి చెబుతాము. వాడలోవారు తినే తిండి శాస్త్రీయంగా పరిశీలిస్తే కొనే పద్ధతి, వండే పద్ధతి రెండూ దండుగ అని తేలింది. వెంటనే ఒకరిని బోస్టను పంపి శిక్షణ ఇప్పించి, బలమైన సూపులు చవకగా అమ్మే వంటశాల తెరిచారు. లెక్క ప్రకారం లోటేమీ లేదు. జనం మాత్రం రాలేదు. ఒక ఆమె, అది బలమైనదే కావచ్చు గాని తనకు నోటికి నచ్చింది తినడమే ఇష్టమని మొహమాటం లేకుండా చెప్పింది. ఇటలీవాడి నాలుకను గానీ యూదుడి ఆచారాన్ని గానీ ఆ పరిశీలన అడగనే లేదు. ఆడమ్స్ దీన్ని కూడా దాచలేదు, నవ్వుకుంటూ రాసింది.

అడిగి చేసిన పని ఎట్లుంటుందో కూడా చూడండి. ఒక సమ్మె సమయంలో ఫ్యాక్టరీ ఆడపిల్లలు హల్ హౌస్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు. అద్దె కట్టలేని పిల్ల ముందు లొంగిపోతున్నది, మనకు మనదే వసతిగృహం ఉంటే లొంగనక్కరలేదు అన్నారు. ఆలోచన వాళ్ళది. 1891లో హల్ హౌస్ మొదటి నెల అద్దె కట్టి, సామాను ఇచ్చి పక్కకు తప్పుకుంది. హిసాబు, వంట, నియమాలు అన్నీ ఆ పిల్లలే చూసుకున్నారు. దానికి జేన్ క్లబ్ అని పేరు పెట్టుకున్నారు. తరువాత దీనికి సొంత భవనం కోసం ఒక ధనికుడు 20,000 డాలర్లు ఇస్తానన్నాడు. విచారిస్తే తన దగ్గర పనిచేసే ఆడపిల్లలకు తక్కువ కూలి ఇస్తాడని పేరుబడ్డవాడు. ఆడమ్స్ ఆ సొమ్ము వద్దని చెప్పింది. చందా పుస్తకం చేతబట్టి తిరిగినవారికి ఇరవై వేలు వద్దనడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆమె పనులన్నిటిలోకి మాకు ఎక్కువ ఇష్టమైనది చెత్త కథ. వీధుల్లో రోడ్డుకు బిగించిన పెద్ద చెక్కపెట్టెల్లో చెత్త పొంగి పొర్లేది. పిల్లలు వాటి మీదెక్కి ఆడేవారు. వార్డులో చావుల సంఖ్య ఎక్కువ. ఫిర్యాదులు పంపితే నగరపాలక సంఘం కదలలేదు. అప్పుడు హల్ హౌస్ మహిళా సంఘం నుంచి పన్నెండు మంది ముందుకొచ్చారు. వీరు ఆ వాడ ఆడవాళ్ళే, పగలంతా ఇంటిపనితో అలిసినవాళ్ళు. వేసవి ఉక్కలో వారానికి మూడు సాయంత్రాలు సందుల్లో తిరిగి, ఏ ఇంటి వెనుక ఏ నిబంధన తప్పారో చూసి రాశారు. ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలల్లో రుజువైన ఉల్లంఘనలు 1,037 ఆరోగ్యశాఖకు పంపారు. పనిచేయని తనిఖీదారులు వరుసగా ముగ్గురు వార్డు నుంచి బదిలీ అయ్యారు. చెత్త మాత్రం పోలేదు.

1895 వసంతంలో ఆడమ్స్ విసిగిపోయి, వార్డు చెత్త ఎత్తే కాంట్రాక్టు తనకే ఇవ్వమని టెండరు వేసింది. ఏదో సాంకేతిక కారణం చూపి టెండరు కొట్టేశారు గాని, పత్రికల్లో గోల కావడంతో మేయరు ఆమెను ఆ వార్డుకే చెత్త తనిఖీ అధికారిగా వేశాడు. ఏడాదికి వెయ్యి డాలర్ల జీతం. ఇంత కాలం తమవారికి ఇప్పించుకునే ఉద్యోగం చేజారిందని స్థానిక నాయకులు నొచ్చుకున్నారు. ఆమె ఉదయం ఆరు గంటలకే లేచి ఒక సహాయకురాలితో చెత్తబండ్ల వెనకాల పోయేది. బండ్లు తొమ్మిది ఉంటే పదమూడు చేయించింది, ఆపైన పదిహేడు చేయించింది. ఒక సన్నవీధిలో పద్దెనిమిది అంగుళాల చెత్త తవ్వి తీస్తే కింద రాతి బాట బయటపడింది. అక్కడ ఒక బాట ఉన్నదన్న సంగతే ఆ వీధివారికి తెలియదు! పెద్దింటి ఆడది చెత్త వెంట తిరగడమేమిటని కొందరు ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. జ్వరం వచ్చిన వాడికి సేవ చేయడం ఆడవారి ధర్మమైతే జ్వరం రాకుండా చూడడం ఎందుకు కాదని ఆమె వాళ్ళకు నచ్చజెప్పింది. చావుల లెక్కలో నగర వార్డులలో మూడోస్థానంలో ఉన్న ఆ వార్డు ఏడోస్థానానికి దిగింది. ఆ లెక్క చదివి వినిపించినప్పుడు మహిళా సంఘంలో చప్పట్లు మోగాయట. ఆ అంకెలో తమ వంతు ఉన్నదని ఆ పన్నెండు మందికి తెలుసు.

అన్నిసార్లూ లెక్క సరిగా వచ్చిందని కాదు. 1902లో టైఫాయిడ్ వ్యాపించింది. నగర జనాభాలో ముప్ఫైఆరో వంతు ఉన్న ఈ వార్డులో నగరపు టైఫాయిడ్ చావులలో ఆరోవంతు జరిగాయి. హల్ హౌస్‌లో ఉన్న డాక్టరు ఆలిస్ హామిల్టన్, తోటివారు ఇంటింటి మరుగుదొడ్లు పరిశీలించారు. సగం ఇళ్ళకైనా సరైన పారుదల లేదు. ఈగల ద్వారా జబ్బు పాకిందని హామిల్టన్ తేల్చింది. పెద్ద పేరు వచ్చింది. లంచాలు తిని కళ్ళు మూసుకున్న తనిఖీదారుల ఉద్యోగాలు పోయాయి. కొన్నాళ్ళకు తెలిసిందేమంటే, అసలు కారణం మంచినీటి గొట్టం పగిలి మూడు రోజులపాటు మురుగునీరు కలవడం, ఆ సంగతిని అధికారులు కప్పిపుచ్చారు. తన సిద్ధాంతం తప్పని హామిల్టన్ తరువాత స్వయంగా రాసింది. జబ్బు కారణం తప్పు, మరుగుదొడ్ల సంగతి ఒప్పు. రెండూ చెప్పడానికి నిజాయితీ కావాలి.

ఆ టైఫాయిడ్‌లోనే ఒక వితంతువు కథ ఆడమ్స్ చెప్పింది. వాడ బాగున్న రోజుల నుంచి సొంత ఇంట్లో ఉంటున్న మనిషి. చుట్టూ చేరిన ఇటలీవారి మురుగు తనకెందుకని, తన వాకిలి తాను కడుక్కుంటూ, పిల్లలను దూరదేశంలో చదివిస్తూ కాలం గడిపింది. సెలవులకు ఇంటికి వచ్చిన కూతుళ్ళు ఇద్దరికీ జ్వరం సోకింది. ఒక పిల్ల దక్కలేదు.

ఆమె ఓడిపోయిన చోటు రాజకీయం. జానీ పవర్స్ అనే వార్డు ప్రతినిధి అక్కడ ఎదురులేని నాయకుడు. అవినీతిపరుడని అందరికీ తెలుసు. హల్ హౌస్ వర్గం అతనికి వ్యతిరేకంగా పోటీ నిలబెట్టి 1896లో, 1898లో ఓడిపోయింది. జనాన్ని తిట్టుకుని ఊరుకోక, ఎందుకు ఓడామని ఆమె విచారించి వ్యాసం రాసింది. పవర్స్ క్రిస్మసుకు ఆరు టన్నుల కోళ్ళు పంచేవాడు. సీమకోళ్ళనుకోండి. ఉద్యోగాలు ఇప్పించేవాడు, జైలు నుంచి విడిపించేవాడు, చావు జరిగితే తప్పకుండా వచ్చేవాడు. సంస్కర్తలు మంచి పాలన గురించి ఉపన్యాసాలిస్తే, అతడు పాడె వెనక నడిచాడు. ఇక్కడే ఆమె తమ తప్పు ఒకటి చెప్పింది. హల్ హౌస్ శిశువిహారంలో ఎవరో వదిలి వెళ్ళిన పసిబిడ్డ కొద్దివారాలకు చనిపోయింది. ప్రభుత్వ ఖర్చుతో పాతిపెట్టిద్దామని నిర్ణయించారు. ఉదయం ఈ వార్త పాకేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అనాథ శవంలా పంపిస్తారా అని నిలదీసి, తమ చిల్లరలోంచి చందాలు వేసి బిడ్డను సాగనంపారు. చనిపోయినవారికి చేసే మర్యాద పేదవాడికి ఎంత పెద్ద విషయమో చదువుకున్నవారికి తెలియలేదు. మన బస్తీలలో కఫన్ దఫన్ కోసం అర్ధరాత్రి అయినా పది మంది లేచి వస్తారు. వాళ్ళెవరికీ ఈ కథ విప్పి చెప్పనక్కరలేదు.

హల్ హౌస్ కీర్తి పెరిగేకొద్దీ ప్రొఫెసర్లు, విద్యార్థులు వచ్చి దాన్ని సమాజశాస్త్రపు ప్రయోగశాల అనసాగారు. ఆ మాట ఆమెకు ఎప్పుడూ గిట్టలేదు. ప్రయోగశాలలో ఉండేవి జంతువులు, రసాయనాలు. ఇక్కడున్నవారు పొరుగువారు. చికాగోలో ఎక్కడైనా తమ వాడ గురించి ఉపన్యాసానికి పిలిస్తే, ఆ వాడ నుంచి ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళేది. సభలో కూర్చున్న ఆ మనిషికి ఆ బతుకు తనకన్నా బాగా తెలుసు, కనుక నోరు జారి గొప్పగానో తేలికగానో చెప్పకుండా అది తనకు కళ్ళెం అని ఆమె ఉద్దేశం. ఎన్ని డిగ్రీలున్న పరిశోధకులైనా ఈ ఒక్క నియమం పాటిస్తే చాలా పుస్తకాలు సన్నబడతాయని మాకు అనిపిస్తుంది.

మిగిలిన కథ క్లుప్తంగా చెబుతాము. 1899లో దేశంలోనే మొదటి బాలల న్యాయస్థానం చికాగోలో వచ్చింది. హల్ హౌస్ మహిళల కృషి అందులో ఉంది. ఆ ఇంట్లోనే పనిచేసిన జూలియా లాథ్రప్ 1912లో ఫెడరల్ ప్రభుత్వపు బాలల శాఖకు మొదటి అధిపతి అయింది. నల్లజాతివారి హక్కుల సంఘం 1909లో ఏర్పడినప్పుడు ఆడమ్స్ వ్యవస్థాపకులలో ఒకరు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1915లో హేగ్ నగరంలో స్త్రీల శాంతి సభకు అధ్యక్షత వహించింది. యుద్ధం వద్దన్నందుకు నిన్నటిదాకా దేవత అన్న పత్రికలే దేశద్రోహి అన్నాయి. చందాలు తగ్గాయి, సభలకు పిలిచేవారు కరువయ్యారు. ఏళ్ళ తరబడి ఆ నింద మోసింది, మాట మార్చలేదు. 1931లో నోబెల్ శాంతి బహుమతి, మరొకరితో కలిపి, ఆమెకు వచ్చింది. డిసెంబరు 10న బహుమతి ప్రదానం జరిగేనాటికి ఆమె బాల్టిమోర్‌లో ఆసుపత్రిలో ఉంది.

1935 మే 21న చికాగోలో చనిపోయింది. హల్ హౌస్ వాకిట్లోనే ఆఖరి ప్రార్థన జరిగింది. వాడలోని వేలమంది, ఏ ఏ దేశాల నుంచో వచ్చినవారు, వారి పిల్లలు, వరుసలో నిలబడి చూసి వెళ్ళారు. పదమూడు భవనాలుగా పెరిగిన హల్ హౌస్‌ను 1960ల మొదట్లో విశ్వవిద్యాలయం కోసం చాలావరకు కూలగొట్టారు. పాత ఇల్లు, భోజనశాల మిగిలి మ్యూజియం అయ్యాయి. ఆమె పేరుతో సేవలు నడిపిన సంస్థ డబ్బు చాలక 2012 జనవరిలో మూతపడింది.

సమాధి సీడర్‌విల్‌లో, తల్లిదండ్రుల పక్కన. రాతి మీద పేరు, సంవత్సరాలు, హల్ హౌస్, స్త్రీల శాంతి సంఘం అని మాత్రం ఉంది. నోబెల్ బహుమతి ప్రస్తావన లేదు.